పుట్టని బిడ్డకి రాయని ఉత్తరం

ఫిలిప్ రాత్ నవల ‘ది కౌంటర్‌లైఫ్’ 1986లో వచ్చింది. ఐదు అధ్యాయాలు. ఒక అధ్యాయంలో చచ్చిపోయినవాడు ఇంకో అధ్యాయంలో బతికే ఉంటాడు. ఈ ఆటంతా అయ్యాక చివరికి మిగిలేది ఒక ఉత్తరం. రచయిత నేథన్ జుకర్‌మన్, కడుపుతో ఉన్న తన ఇంగ్లిష్ భార్య మరియాకి రాసింది. అందులో ముఖ్యమైన గొడవ ఒకటే: కొడుకు పుడితే సున్తీ చేయించాలా, వద్దా?

జుకర్‌మన్ యూదుడే గానీ ఆచారాలు పాటించే మనిషి కాదు. అయినా చేయించాల్సిందే అంటాడు. ఏ మచ్చా లేని పచ్చిక బయలు లాంటి లోకంలోకి ఎవడూ పుట్టడు, ఒక చరిత్రలోకి, దాని తగాదాల్లోకి పుడతాడు, ఆ సంగతి ఈ కోత మొదట్లోనే చెప్పేస్తుంది అని అతని వాదన. సున్తీ పక్షాన నేను చదివినవాటిలో బలమైనది ఇదే. శుభ్రత, ఆరోగ్యం అంటూ పక్కకి తప్పుకోదు. ఆ దారిలో వెళ్లినా పెద్దగా తేలదు. అమెరికన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ 2012లో లాభాలు ప్రమాదాల కంటే ఎక్కువే అంది, కానీ మగపిల్లలందరికీ చేయమని చెప్పేంత కాదని కూడా అంది.

అదే ఏడాది మే 7న జర్మనీలో కొలోన్ కోర్టు దీన్ని అటువైపు నుంచి చూసింది. ముస్లిం తల్లిదండ్రులు అడిగితే ఒక డాక్టర్ నాలుగేళ్ల బాబుకి సున్తీ చేశాడు. రెండు రోజులకి రక్తస్రావమైంది. చట్టం తేటగా లేదు కాబట్టి డాక్టర్‌ని వదిలేశారు, కానీ వైద్య అవసరం లేని సున్తీ శరీరానికి చేసిన గాయమే అని తేల్చారు. యూదులు, ముస్లింలు కలిసి అభ్యంతరం చెప్పారు. డిసెంబరులో పార్లమెంటు 434-100 ఓట్లతో దాన్ని చట్టబద్ధం చేసింది. పద్నాలుగేళ్లు నిండాక అబ్బాయి ఒప్పుకుంటేనే చేయాలన్న ఇంకో బిల్లు ఓడిపోయింది.

తీర్పులో పిల్లాడున్నాడు, ఇల్లు లేదు. జుకర్‌మన్ ఉత్తరంలో ఇల్లుంది, పిల్లాడు లేడు. నిజంగానే లేడు, ఇంకా పుట్టలేదు. నాన్నకి తాను ఎవరో తెలియాలి, అందుకు కొడుకు ఒంటి మీద గుర్తు పడాలి. రాత్ ఈ సంగతి దాచలేదు, అదే నవల గొప్పతనం. అయితే ఆ చరిత్ర అనే గుర్తుని ఇతరులు కూడా చదువుతారు. దేశవిభజన అల్లర్లలో మగవాళ్ల బట్టలు విప్పించి చూసి మరీ చంపారు.

మన తెలుగు ముస్లిం ఇళ్లలో సున్తీని ఒడుగులు అంటారు. బ్రాహ్మల ఇళ్లలో ఉపనయనానికి కూడా అదే మాట. కానీ జంధ్యం ఇష్టం లేకపోతే తీసి చిలక్కొయ్యకి తగిలించొచ్చు. దీన్ని తీయలేం. నా పట్టు ఇక్కడే. ఆగినవాడు ఎప్పుడైనా లోపలికి రాగలడు, కోత పడినవాడు వెనక్కి పోలేడు.

అలాగని మెజారిటీ వాళ్లు మైనారిటీ ఇళ్ల మీదికి పోలీసుల్ని పంపాలని కాదు. అందులోనూ జర్మనీలో. కోత లేకుండా పేరు పెట్టే వేడుక మాత్రమే జరిపే యూదు కుటుంబాలు ఇప్పటికే ఉన్నాయి. మార్పు అలా లోపల్నుంచి రావడమే మంచిది. జుకర్‌మన్ ఉత్తరం మరియాకి రాశాడు. రాయాల్సింది కొడుకుకి, వాడికి చదవడం వచ్చాక.