గడప వద్ద నిలిచినవారు



"అయ్యగారూ, విశ్వాసులు నవలలు చదువవచ్చునా?" అని మన సంఘములలోని యౌవనస్థులు నన్ను తరచుగా అడుగుచుందురు. నేను వేదాంత పాఠశాలలో చదువుకొనిన దినములలో ఈ ప్రశ్నకు మా గురువులలో కొందరు చెప్పిన జవాబు చిన్నది: కాలమును వ్యర్థము చేసికొనవద్దు. నేనును అనేక సంవత్సరములు ఆ జవాబునే చెప్పితిని. ఇప్పుడట్లు చెప్పుటలేదు. కుటుంబ జీవితమును గూర్చి నేను చేసిన ప్రసంగములు నాకు చూపని నా తప్పును రెండు నవలలు చూపినవి. ఆ రెంటిని గూర్చి ఈ నెల మీతో మాటలాడగోరుచున్నాను.

మొదటిది మన ప్రాంతములో పుట్టిన రచయితదే. ఉన్నవ లక్ష్మీనారాయణగారు 1877లో వేములూరుపాడులో జన్మించిరి. అది పాత సత్తెనపల్లి తాలూకాలోని గ్రామము. మన పెదకూరపాడును ఒకప్పుడు ఆ తాలూకాలోనిదే. ఆయన బారిష్టరు చదివినవారు. అయినను వితంతువులకు పునర్వివాహములు చేయించుటలోను, దేశ స్వాతంత్ర్య పోరాటములోను తన జీవితమును వెచ్చించిరి. 1922లో ఆయనయు ఆయన భార్య లక్ష్మీబాయమ్మగారును బాలికల విద్యకొరకు గుంటూరులో శారదా నికేతనమును స్థాపించిరి. అడవిలో పశువులను మేపుకొనుటకు ప్రభుత్వము విధించిన పుల్లరి పన్నును పల్నాటి రైతులు ఎదిరించినప్పుడు ఆయన వారి పక్షమున నిలిచి చెరసాలకు వెళ్లిరి. రాయవెల్లూరు చెరసాలలో ఆయన వ్రాసిన నవల "మాలపల్లి". దానికే "సంగవిజయము" అని మరియొక పేరు. అది 1922లో వెలువడగా ఆంగ్ల ప్రభుత్వము దానిని నిషేధించెను.

ప్రభుత్వము భయపడిన ఆ గ్రంథములో ఏమున్నది? ఒక ఇల్లున్నది. మాలపల్లెలో రామదాసు అను భక్తుడు, అతని భార్య మహాలక్ష్మి, వారి బిడ్డలు. పగలు పొలము పని, ప్రొద్దు గ్రుంకిన తరువాత తత్త్వములు, భజనలు. ఆ ఇంటి ఆచారము తండ్రి నేర్పిన భక్తి, ఓర్పు. పెద్ద కుమారుడు వెంకటదాసు, అతని తమ్ముడు సంగదాసు, కుమార్తె జ్యోతి. మాలపల్లె జనులను కథకు మధ్యను నిలిపి, వారి ఇంటి ముచ్చటలను, వారి ఆలోచనలను గౌరవముతో వ్రాసిన తొలి తెలుగు నవలలలో ఇది ముఖ్యమైనది. మాటలు కూడ మన గుంటూరు సీమ మాటలే. నూరేండ్లు దాటినను, మన ముసలివారు అరుగు మీద కూర్చుండి మాటలాడుకొనుచున్నట్లే వినబడును.

ఒక్క ఇంటిలో పుట్టిన బిడ్డల కోరికలు ఎట్లు వేరువేరుగా నుండునో ఉన్నవవారు చక్కగా చూపిరి. సంగదాసు ఊరి మోతుబరియైన చౌదరయ్య యొద్ద పనిచేయుచు, అతని కుమారుడైన రామానాయునితోనే స్నేహము చేయును. కులమునకు కులమునకు నడుమనున్న గోడ మంచి మాటతో, సేవతో కూలునని అతని ఆశ. చౌదరయ్య చేతి దెబ్బకు ఆ బిడ్డ ప్రాణము పోవును. వెంకటదాసు ఓర్పు అక్కడితో తీరును. అతడు ఇల్లు విడిచి, తక్కెళ్ళ జగ్గడను పేరుతో కలవారిని దోచి లేనివారికి పంచువాడగును. జ్యోతి, అప్పాదాసు అను వారి ప్రేమయు దుఃఖముతోనే ముగియును. తండ్రి మాత్రము పగను కోరడు. తాను నమ్మిన భక్తి మార్గమును విడువడు.

ఇక్కడ చాలమంది పాఠకులు ఎవరి మార్గము సరియైనదని వాదింతురు. అన్నదా? తమ్మునిదా? తండ్రిదా? నాకు తోచిన సంగతి వేరు. ఈ గ్రంథములో తండ్రి ఆచారమును బిడ్డలు ద్వేషించినవారు కారు. తండ్రి నేర్పిన ధర్మము ఊరి మధ్యకు రావలెనని కోరినవారే. ఇంటిలో పాడిన సమానత్వము వీధిలో కనబడకపోయినప్పుడు ఒకడు బ్రతిమాలెను, ఒకడు తిరుగబడెను. ఇంటిలోని పెద్దలమైన మనము దీనిని గమనింపవలెను. బిడ్డ గడప దాటిపోయినప్పుడెల్ల మన మాట మరచి పోయెననుకొందుము. కొన్నిసార్లు మన మాటను మనకంటె గట్టిగా నమ్మియే పోవును.

మరియొక సంగతి దాచిపెట్టకూడదు. ఆ కుటుంబమును సెటిల్మెంటులో ఉంచిన భాగము కూడ ఈ నవలలో ఉన్నది. ఆ కాలమందు కొన్ని కులములను పుట్టుకతోనే నేరస్థులుగా ఎంచు చట్టముండెను. 1871లో వచ్చిన ఆ చట్టము 1952లో రద్దయినది. మన తీరమున స్టువార్టుపురము వంటి సెటిల్మెంటులను నడిపినవారు క్రైస్తవులైన సాల్వేషన్ ఆర్మీ వారే. వారిలో మేలు చేయగోరినవారు ఉండిరి. అయినను ముళ్లకంచె లోపల చేసిన మేలు, లోపలివానికి ఎట్లు కనబడునో ఈ నవల చెప్పుచున్నది. క్రైస్తవ పాఠకుడు ఆ పుటలను కోపముతో కాక తల వంచుకొని చదువుట మంచిది.

గ్రంథమునందు లోపములు లేకపోలేదు. పాత్రలు కొన్ని చోట్ల మాటలాడుట మాని ఉపన్యసించును. సంగదాసు మనుష్యుడుగా కంటె బోధకుడుగా ఎక్కువ కనబడును. ప్రసంగీకుడనైన నాకు ఆ లోపము బాగుగా తెలియును. మా సంఘస్థులకు ఇంకను బాగుగా తెలియును. మహాలక్ష్మి హృదయములో ఏమున్నదో వినవలెనని పాఠకునికి కోరిక పుట్టును గాని, మగవారి వాదములలో ఆమె స్వరము తరచుగా అణగిపోవును.

తల్లి స్వరము నాకు పూర్తిగా వినబడినది రెండవ నవలలో. అది ప్రేమ్‌చంద్‌గారు హిందీలో వ్రాసి, 1936లో ప్రకటించిన "గోదాన్". అది తెలుగులోనికి కూడ అనువదింపబడినది. ఉత్తర దేశపు పేదరైతు హోరీకి ఒకటే ఆశ: వాకిట ఒక ఆవు ఉండవలెనని. ఎట్లో అప్పు మీద ఆవు వచ్చును; సొంత తమ్ముడే అసూయతో దానికి విషము పెట్టును. అయినను తమ్ముని ఇల్లు పోలీసులు వెదకిన యెడల వంశము పరువు పోవునని హోరీ మరల అప్పునకు సిద్ధపడును. ఆచారమనగా అతనికి అంత ప్రాణము.

అట్టివాని ఇంటికి ఒక రాత్రి ఝునియా వచ్చును. ఆమె వేరొక కులపు వితంతువు. హోరీ కుమారుడు గోబర్ వలన గర్భవతి. గోబర్ ఆమెను ఇంటి సమీపమున విడిచి పట్టణమునకు పారిపోయెను. తల్లి ధనియా మొదట మండిపడినను ఆమెను లోపలికి రానిచ్చును. హోరీ ఆమెను వెళ్లగొట్టెదనని పొలమునుండి కోపముతో బయలుదేరును. దారిలో ధనియా మనస్సు మరింత మెత్తబడి భర్తను వారించును. ఇల్లు చేరిన హోరీ, ఆ బిడ్డ తన కాళ్లపై పడగానే, ఇది నీ ఇల్లేయని ధైర్యము చెప్పును. కుల పంచాయతీ నూరు రూపాయలు, ముప్పది మణుగుల ధాన్యము జరిమానా వేయును. హోరీ తన కల్లములోని గింజలను తానే మోసికొనిపోయి చెల్లించును. అతడు ఆచారమును ఎదిరించి ఉపన్యాసము చేయలేదు. తలుపు తెరచి, దాని వెల చెల్లించెను. ఈ భాగములో ప్రేమ్‌చంద్‌గారి కలము ఉన్నవవారి కలముకంటె మిన్నయని నా అభిప్రాయము.

ఆ పుట చదివి నేను పుస్తకము మూసితిని. ఎందుకో చెప్పెదను.

చాల ఏండ్ల క్రిందట, మిరప కోతల దినములలో, మా సంఘ పెద్ద యొకరి కుమారుడు వేరొక కులపు అమ్మాయిని వెంటబెట్టుకొని సాయంకాలము ఇంటికి వచ్చెను. వివాహము సంఘములో జరుగలేదు. తండ్రి వారిని వాకిట నిలిపి నా యొద్దకు పరుగున వచ్చి, "అయ్యగారూ, ఏమి చేయమందురు?" అని అడిగెను. మొదట సంఘము ఎదుట ఒప్పుకొని సరిచేసికొనవలెను, అటు తరువాత ఇంటిలోనికి రావచ్చునని నేను చెప్పితిని. క్రమము ప్రకారము అది సరియైన మాటయే. ఆ రాత్రి రైలుకే వారు వెళ్లిపోయిరి. మరల ఆ కుమారుడు వచ్చినది తండ్రి సమాధి దినమున. అందరును లోపలికి పోవుచుండగా ఆ కోడలు వాకిటనే ఎండలో నిలిచియుండెను. లోపలికి రమ్మని ఆమెతో ఎవ్వరును ఎన్నడును చెప్పలేదు గదా! తుదకు విధవరాలైన ఆ తల్లి లేచి, బయటికి వచ్చి, ఆమె చేయి పట్టుకొని లోపలికి తీసికొని పోయెను. నేను చేతిలో గ్రంథముతో చూచుచు నిలిచితిని.

తప్పిపోయిన కుమారుని తండ్రి, కుమారుడింకను దూరముగా నుండగానే పరుగెత్తెనని నేను ఎన్నిసార్లు బోధించితినో లెక్కలేదు. ఆ తండ్రి మొదట విచారణ జరిపించలేదు. ఆ సంగతి నాకు తెలియును; కాని తెలిసినదానిని నా వాకిటిలోనికి తెచ్చి చూపుటకు ధనియా కావలసివచ్చినది.

కాబట్టి యౌవనస్థులారా, మంచి నవలలు చదువుడి. చదువురాని మీ తల్లులకు, తాతలకు సాయంకాలము చదివి వినిపించుడి. వారు ఎచ్చట మౌనముగా నుందురో గమనించుడి. పెద్దలారా, క్రమమును విడువుమని నేను చెప్పుటలేదు. క్రమము రేపు ఉదయమున మాటలాడవచ్చును. రాత్రి వచ్చిన బిడ్డకు మొదట కాళ్లకు నీళ్లు, కంచములో అన్నము పెట్టుడి. మీ ఇంటినుండి వెళ్లి, ఇంతవరకు ఎవరును రమ్మని పిలువని బిడ్డ యొకరు ఉన్నయెడల, ఈ పత్రిక మూసిన వెంటనే వారికి కబురు పంపుడి. సమాధి దినము వరకు ఆగవద్దు.