పత్తి కథలో కనిపించని వ్యాపారి

పత్తి రైతు మన కథలోకి వచ్చి పాతికేళ్లు దాటింది. 1997-98లో వరంగల్ జిల్లా రైతుల ఆత్మహత్యల తర్వాత వచ్చిన కథల్లో, కవితల్లో నిజాయితీకి కొరత లేదు. పురుగుమందు డబ్బా ఉంది, ప్రామిసరీ నోటు ఉంది, కాంటా దగ్గర తరుగు తీసే అడ్తిదారు ఉన్నాడు. అయినా ఈ సాహిత్యాన్ని ఒకచోట పెట్టుకుని చదివితే నాకొక లోపం స్పష్టంగా కనిపిస్తున్నది. మన కథకులు మార్కెట్‌ను ఎక్కువగా ఒక దుర్మార్గుడి రూపంలో చూస్తున్నారు. వ్యవస్థగా చూడడం అరుదు. అడ్తిదారు మంచివాడై ఉంటే రైతు బతికేవాడన్న భ్రమ ఇందులో దాగి ఉంది.

మద్నూర్‌ను ఉదాహరణగా తీసుకుందాం. కామారెడ్డి జిల్లాలో, బాన్సువాడ డివిజన్ కొసన, మహారాష్ట్ర, కర్ణాటక సరిహద్దుల దగ్గరి పత్తి ప్రాంతం అది. నిజాం కాలంలో సరిహద్దుకు అటూ ఇటూ ఒకటే రాజ్యం. 1930లోనే ఆ రాజ్యంలో వ్యవసాయ మార్కెట్ల చట్టం వచ్చింది. తూకంలో, దలాలీలో మోసాలను అదుపు చేయడం దాని ఉద్దేశం. అంటే మన కథలు ఇప్పటికీ వేలెత్తి చూపుతున్న శత్రువును చట్టం తొంభై ఏళ్లకు పూర్వమే గుర్తించింది!

పత్తి రైతుకు సీసీఐ అంటే 1970లో ఏర్పడిన కాటన్ కార్పొరేషన్. తేమ 12 శాతం దాటితే పత్తి వెనక్కి పంపే సంస్థ. అవే పొడి అక్షరాలతో ఢిల్లీలో మరో సంస్థ ఉన్నది. అది 2002 చట్టం కింద గుత్తాధిపత్యాన్ని అరికట్టవలసిన కాంపిటీషన్ కమిషన్. మొదటిది రైతు అమ్మేచోట ఎదురౌతుంది. రెండవదాని పని రైతు కొనేచోట ఉంది. మన కథ అమ్మేచోటనే ఆగిపోయింది.

కొనేచోట జరిగిందేమిటి? 2005లో 450 గ్రాముల బీటీ విత్తనాల ప్యాకెట్ 1,600 రూపాయలు దాటింది. అందులో 1,200కు పైగా మహికో మోన్‌శాంటో కంపెనీ రాయల్టీ. ప్యాకెట్ల మీద కంపెనీల పేర్లు ఎన్నో, లోపలి జన్యువు మాత్రం దాదాపు అంతటా ఒకరిదే. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం అప్పటి గుత్తాధిపత్య నిరోధక కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. 2006 మేలో కమిషన్ రాయల్టీ తగ్గించమన్నది. ప్రభుత్వం ప్యాకెట్ ధరను 750గా నిర్ణయించింది. 2016లో కాంపిటీషన్ కమిషన్ మోన్‌శాంటో వ్యవహారంపై విచారణకు ఆదేశించింది. 2023 జూలైలో ఢిల్లీ హైకోర్టు, పేటెంట్ లైసెన్సుల విషయంలో పేటెంట్ల చట్టానిదే పైచేయి అన్నది. ఆ విచారణ ముందుకు సాగలేదు.

ఇందులో ఒక గెలుపు ఉంది, ఒక ఓటమీ ఉంది. ధర దిగడం వేరు, రైతు చేతికి ఎంపిక రావడం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరమే కథావస్తువు కాగలదని నా వాదన.

సెక్షన్లతో, తీర్పులతో కథ అవుతుందా అని కొందరు మిత్రులు అడగవచ్చు. కాళీపట్నం రామారావుగారి ‘యజ్ఞం’ దీనికి ఎప్పుడో జవాబు చెప్పింది. అందులో షావుకారు రాక్షసుడు కాడు. ఊరు బాగుపడుతున్న కాలంలోనే అప్పలరాముడి అప్పు పెరుగుతుంది. లెక్క న్యాయంగానే కనిపిస్తుంది. ఆ న్యాయమే మనిషిని దాస్యంలోకి నెడుతుంది. దుష్టపాత్ర అవసరం లేకుండానే పాఠకుడు వ్యవస్థను చూస్తాడు. శిల్పం అక్కడ వస్తువు నుంచే పుట్టింది.

అడ్తిదారును కథలోంచి తీసేయమని నేననడం లేదు. అతని కాంటాలో మోసం నిజమే. కానీ రైతు యార్డుకు రాకముందే, విత్తనాల దుకాణంలో రసీదు తీసుకున్న రోజునే, అతని లెక్కలో ఒక భాగం తేలిపోయింది. ఆ రసీదు మీది అంకె ఎవరు వేశారో అడగగలిగిన పాత్ర మన కథలోకి రావాలి.