నీటి అంచు

చిత్తడి నేలను బాగుచేయుట యనగా దాని చుట్టును నిట్టనిలువు రాతిగోడ కట్టి, నడకబాట పరచి, దీపములు నిలుపుటయే యని మన నగరములు చిరకాలముగా నమ్ముచు వచ్చినవి. సూరతులో కాంకరా ఖాడీ వెంబడి, డాక్టర్ హెడ్గేవార్ వంతెన మొదలుకొని భీమ్‌రాడ్-బమ్రోలీ వంతెన వరకు, 87 హెక్టార్లకు మించిన నేలపై జీవవైవిధ్య ఉద్యానమునకు 2022 సెప్టెంబరు 29న శంకుస్థాపన జరిగినది. అట్టి పనికి పూనుకొనిన నగరము ఆ పాత నమ్మకమును విడువవలెను.

ఖాడీలనగా ఊరి నడుమ పారు వాగులు. ఎగువనుండి వాననీరును, సముద్రమునుండి పోటును ఒక్కమారే వచ్చినచో, నీరు వెనుకకు తన్ని వీధులలో నిలుచును. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయమునుండి విడిచిన నీటితో తాపీనది పొంగి నగరములో అధికభాగమును ముంచినప్పుడు, నీటికి చోటు లేకుండ జేసినచో అది మన యిండ్లనే చోటుగా జేసికొనునని లోకమునకు తెలిసినది.

నిలువుగోడ నీటిని బంధించునే గాని బ్రదికింపదు. ఒడ్డును ఏటవాలుగా తీర్చి, లోతు కొంచెము కొంచెముగా పెరుగనిచ్చినచో, పైన తుంగయు, క్రింద జమ్మును, లోనికి తామరయు తమ తమ తావులు తామే చూచుకొనును. నల్లని అడుసులోనుండి ఒక జమ్ముమొక్కను పెకలించి చూడుడు: వేళ్ళ చుట్టును తుప్పురంగు పూత కనబడును. ఆకులనుండి దిగిన ప్రాణవాయువు వేళ్ళగుండ స్రవించి, అడుసులోని ఇనుమును తుప్పుగా మార్చిన గుర్తది. ఆ వాయువు నాశ్రయించిన సూక్ష్మజీవులు మురుగును విరిచివేయును. చీరకు అంచువలె జలాశయమునకు ఒడ్డే బలము.

అయితే ఆ ఒడ్డును కాచువారెవరు? పూర్వము మన చెరువులను త్రవ్వించినవారికిని మరమ్మతు చేసినవారికిని దశబంధమను మాన్యము నిచ్చుచుండిరి. బాధ్యతతోపాటు హక్కును ఇచ్చుటచేతనే ఆ వ్యవస్థ తరతరములు నిలిచినది. సూరతులోని లింబాయత్ ప్రాంతమున మరమగ్గములు నమ్ముకొని, తెలంగాణమునుండి వచ్చి స్థిరపడిన మన పద్మశాలీలు పెక్కురు కలరు. ఆ ప్రాంతమున పారు మీఠీ ఖాడీ పొంగినప్పుడు నీరు ఏ గడపవరకు వచ్చునో అచ్చట కాపురమున్నవారికి తెలిసినట్లు ఏ పటమునకును తెలియదు. కావున ఏ ఖాడీ ఒడ్డునకైనను నమూనా గీయుటకు ముందే అచ్చటివారిని పిలిచి అడుగవలెను. గీసిన పిమ్మట చూపి ఆమోదము కోరుట సంప్రదింపు కానేరదు. నాటిన మొక్కలపై వారికి కాపుదల హక్కును, చెత్త వేయువారిని నిలదీయు అధికారమును, పూడికతీతకు కూలియు ఇచ్చిననాడే ఈ పని ఉత్సవముతో ముగియక ఊరి అలవాటుగా నిలుచును.