వేయించిన చేపకు పులుపు వేరే గిన్నెలో

నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్స్‌కు ఏడాదిలో రెండుసార్లు ఊరంతా కదిలి వస్తుంది. జనవరి ఒకటి నుంచి ఫిబ్రవరి మధ్య దాకా నుమాయిష్. 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలైన ఈ ప్రదర్శన 1946లో ఈ మైదానానికి మారింది. రెండోసారి జూన్‌లో, మృగశిర కార్తె ప్రవేశించిన రోజున. బత్తిని కుటుంబం ఉబ్బసం ఉన్నవాళ్లకు కొర్రమట్ట పిల్ల నోట్లో మందు పెట్టి మింగించే చేప ప్రసాదం కోసం ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చి వరుసల్లో నిలబడతారు. ఆ మందు మీద వైద్యులకూ నమ్మేవాళ్లకూ మధ్య ఉన్న వాదంలోకి నేను వెళ్లను. మృగశిర నాడు చేప తినాలన్న ఆనవాయితీ మాత్రం నగరమంతటిదీ. ఆ రోజు బేగంబజార్ చేపల మార్కెట్లో అడుగు పెట్టే సందు దొరకదు. మధ్యాహ్నానికి అబిడ్స్ వెనక సందుల్లో ఏ గుమ్మం ముందు నుంచి వెళ్లినా పెనం మీద చేప ముక్క చిటపటలే.

ఆ ముక్క పక్కన ఉండే పచ్చటి చట్నీ గురించే ఈ వ్యాసం. కొత్తిమీర, పుదీనా, పచ్చిమిర్చి, నిమ్మకాయ. చాలామంది దాన్ని అలంకారంగా చూస్తారు. బార్లలో అపోలో ఫిష్‌తో, కబాబ్‌తో, ఆఖరికి సమోసాతో కూడా ఒకటే నీళ్ల చట్నీ ఇస్తారు కాబట్టి ఆ చిన్నచూపు వచ్చింది. నా మటుకు వేయించిన చేప వంటలో సగం పని ఆ గిన్నెలో జరుగుతుంది. ముక్క ఎంత బాగా వేగినా చట్నీ సరిగ్గా లేకపోతే అది ఉప్పూ కారం తెలిసే మాంసమే తప్ప చేప రుచి పైకి రాదు.

ఎందుకో చెప్పాలంటే ముందు ఈ నగరానికి చేప ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. హైదరాబాద్‌కు సముద్రం లేదు. దగ్గరి రేవుల్లో ఒకటైన మచిలీపట్నం కూడా మూడు వందల కిలోమీటర్లకు పైనే. వంజరం, చందువా, రొయ్యలు మచిలీపట్నం, కాకినాడ, విశాఖల నుంచి ఐసు పెట్టెల్లో దిగుతాయి. రవ్వ, బొచ్చె కొల్లేరు వైపు చెరువుల నుంచీ, తెలంగాణ చెరువులూ జలాశయాల నుంచీ వస్తాయి. కొర్రమట్ట అయితే మార్కెట్లో తొట్టెలో బతికే ఉంటుంది; మీ ముందే పట్టి కొట్టి ఇస్తారు. తెలంగాణ రాష్ట్ర చేప అదే.

ఈ రెండు రకాల చేపలకూ రెండు రకాల వాసనలు. సముద్రపు చేప ఒంట్లో ఉప్పునీటిని తట్టుకోవడానికి ఒక పదార్థం ఉంటుంది. చేప చచ్చాక సూక్ష్మజీవులు దాన్ని ట్రైమిథైలమైన్‌గా మారుస్తాయి. నీచు వాసన అంటామే, అందులో పెద్ద వాటా దానిదే. ఐసులో ఎంత జాగ్రత్తగా తెచ్చినా ప్రయాణం సాగే కొద్దీ అది కాస్త పెరుగుతుంది. ఇది క్షారగుణం ఉన్న పదార్థం. నిమ్మరసం తగిలితే లవణంగా మారి గాల్లోకి లేవడం మానేస్తుంది, ముక్కుకు అందదు. చెరువు చేపది వేరే కథ. దాని మట్టి వాసన జియోస్మిన్‌ది. నీళ్లలో, బురదలో ఉండే కొన్ని సూక్ష్మజీవులు తయారుచేసే ఈ పదార్థాన్ని చేప మొప్పల ద్వారా ఒంట్లోకి తీసుకుని కొవ్వులో దాచుకుంటుంది. లీటరు నీటిలో పది నానోగ్రాముల లోపు ఉన్నా మన ముక్కు పసిగడుతుంది. మృగశిర తొలకరి పడగానే ఎండిన నేల నుంచి లేచే ఆ కమ్మటి వాసనలోనూ ఉండేది ఈ జియోస్మినే. నేల మీద మనసుకు అంత హాయిగా ఉన్నది చేప ముక్కలో ఉంటే మాత్రం నాలుక ఒప్పుకోదు. దీన్ని కూడా విరగ్గొట్టేది పులుపే.

కాబట్టి చేపకు పులుపు తప్పదు. దాన్ని ఎక్కడ పెట్టాలన్న దగ్గరే వంటలు వేరవుతాయి. కోస్తాలోనూ తెలంగాణలోనూ చేపల పులుసుకు చింతపండు రసంలోనే ముక్కను ఉడికిస్తాం. పులుపు ముక్క లోపలికి దిగుతుంది, మర్నాటికి ఇంకా బాగుంటుంది. అబిడ్స్ తిలక్ రోడ్డులో 1904లో వెలసిన పార్సీల అగ్ని ఆలయం ఉంది. ఆ పార్సీ ఇళ్ల వంట పాత్రా నీ మచ్ఛీలో కొబ్బరి, కొత్తిమీర, పచ్చిమిర్చి, నిమ్మరసం కలిపి నూరిన ముద్దను చందువా ముక్కకు దట్టంగా పట్టించి, అరటాకులో చుట్టి ఆవిరి మీద ఉడికిస్తారు. అక్కడ పచ్చడి చేపను కప్పుకుని ఉంటుంది. ఇక వేపుడు. ఇక్కడ పులుపును లోపలికి దింపడానికి లేదు. ముక్కకు నిమ్మరసం ఎక్కువ పట్టించి ఊరబెడితే నూనెలో పడకముందే మాంసం తెల్లబడి, గట్టిపడి, పొడిపొడిగా అవుతుంది. తడి ఊరి పైపొర కరకరలాడదు, పెనానికి అతుక్కుంటుంది. అందుకే వేపుడు ముక్కకు ఉప్పు, కారం, పసుపు, అల్లంఎల్లిగడ్డ ముద్ద, చెంచాడు బియ్యప్పిండి, పేరుకు నాలుగు చుక్కల నిమ్మరసం చాలు. అసలు పులుపు వేరే గిన్నెలో ఆగాలి. ముక్క నోటికి చేరే ముందు క్షణంలోనే రెండూ కలవాలి. అద్దుకుని తినడం వెనక ఉన్న కారణం ఇదే.

ఇక నూరడం. అరకిలో చేపకు ఒక పెద్ద కట్ట కొత్తిమీర, అందులో సగం పుదీనా తీసుకుంటాను. పుదీనా కాడలు చేదు, ఆకు మాత్రమే గిల్లాలి. కొత్తిమీర కాడల్లో మాత్రం ఆకులో కంటే ఘాటైన సువాసన ఉంటుంది, లేతవి అయితే పారేయకూడదు. కడిగాక ఆకును బట్ట మీద పరిచి తడి పూర్తిగా ఆరనివ్వాలి. చట్నీ పలచబడటానికి మొదటి కారణం ఆకు మీద మిగిలిన నీళ్లు. ఇవి కాక ఐదారు పచ్చిమిర్చి, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, అర చెంచా వేయించిన జీలకర్ర, ఉప్పు, రెండు చెంచాల పుట్నాలు. పుట్నాలు చిక్కదనం కోసం. అవి లేకపోతే చట్నీ ముక్క మీద నిలవక పళ్లెంలోకి జారుతుంది.

రోలు ఉంటే రోలే మంచిది. ముందు మిర్చి, ఉప్పు, జీలకర్ర, ఎల్లిపాయ దంచి, పుట్నాల పొడి వేసి, ఆకు ఆఖర్న గుప్పెడు గుప్పెడుగా వేయాలి. రాతి కింద ఆకు నలుగుతుంది కానీ వేడెక్కదు. మిక్సీ బ్లేడు తిరిగే కొద్దీ వేడి పుడుతుంది, ఆ వేడికి పుదీనా కమురు వాసన వేస్తుంది. మిక్సీలోనే చేయాలంటే రెండు ఐసు ముక్కలు వేసి, ఆపి ఆపి తిప్పితే సరి.

నిమ్మరసం దగ్గర ఒక మెలిక ఉంది. ఆకు నలగగానే దానిలోని ఎంజైము గాలి తగిలి నల్లబరచడం మొదలుపెడుతుంది. పులుపు ఆ ఎంజైమును అదుపు చేస్తుంది కాబట్టి నూరేటప్పుడే పావు చెక్క పిండాలి. అయితే ఆ పులుపే నిదానంగా పత్రహరితంలోని మెగ్నీషియాన్ని లాగేస్తుంది, పచ్చదనం పోయి రంగు మాడు ఆకులా మారుతుంది. కాబట్టి మిగతా రసమంతా వడ్డించే ముందు. ఎల్లిపాయ సంగతీ అంతే: నలిగిన తర్వాతే దాని ఘాటు పుడుతుంది, నిలవ ఉంటే చట్నీ అంతా అదే అయిపోతుంది. పొయ్యి మీద పెనం పెట్టాక చట్నీ నూరడం మొదలుపెడితే లెక్క సరిపోతుంది. పచ్చి ఉల్లిగడ్డను ఇందులో వేసి నూరొద్దు, కాసేపటికి చేదెక్కుతుంది. సన్నటి చక్రాలుగా తరిగి పక్కన పెట్టుకోవాలి.

పెరుగు కలపాలా వద్దా? నగరంలోని కబాబ్ దుకాణాల చట్నీలో పెరుగు ఉండి తీరుతుంది. మన ఇళ్లలో చాలాచోట్ల చేపతో పాలు, పెరుగు పడవంటారు. పాలూ చేపా కలిపి తినడం విరుద్ధమని ఆయుర్వేదంలో ఉంది, ఆ నిషేధాన్ని ఇళ్లలో పెరుగుకూ వర్తింపజేశారు. బెంగాలీలు పెరుగులోనే చేప వండుకుంటారు, మన అపోలో ఫిష్‌లోనూ పెరుగు పడుతుంది. నేను ఎవరి ఇంటి నమ్మకాన్నీ తప్పు పట్టను, రెండు రకాలూ చేస్తాను. పెరుగు వేసేవాళ్లు బట్టలో కట్టి నీళ్లు వార్చిన గట్టి పెరుగు నాలుగు చెంచాలు, ఆకు నూరడం అయిపోయాక చేత్తో గిలక్కొట్టి కలపాలి. మిక్సీలో వేసి తిప్పితే తోడు విరిగి నీరవుతుంది. హోటల్ చట్నీ పలచగా ఉండటానికి ఇదొక కారణం. పెరుగు చట్నీ కారాన్ని తగ్గిస్తుంది, పిల్లలు తినగలుగుతారు. పెరుగు లేనిది చేప రుచిని సూటిగా పైకి తెస్తుంది. సముద్రపు చేపకూ రొయ్యలకూ నాకు ఆ రెండోదే ఇష్టం.

ఈ చట్నీ ఏడాది పొడుగునా ఒకేలా ఉండాలనుకోవడం కూడా పొరపాటే. నుమాయిష్ రోజుల్లో చలికి కొత్తిమీర గుబురుగా, లేతగా, చవకగా దొరుకుతుంది. అప్పటి చట్నీలో కొత్తిమీరదే పెత్తనం. మృగశిర నాటికి ఎండలకు కొత్తిమీర పువ్వెక్కి, కాడ ముదిరి, ధర మండిపోతుంది. పుదీనా మాత్రం నీళ్లు అందితే ఎండలోనూ చిగురిస్తుంది. పైగా అప్పటికి పచ్చి మామిడి ఇంకా పూర్తిగా పోదు. అందుకని జూన్ చట్నీలో పుదీనా ఎక్కువ, నిమ్మకాయకు బదులు చిన్న మామిడి ముక్క, దాని వగరును సర్దడానికి చిటికెడు బెల్లం. చెరువు చేప వేపుడుకు దీన్ని మించిన జోడీ నాకు కనపడలేదు.

రొయ్యలకు ఇంకో గిన్నె కూడా పెట్టుకోవచ్చు. హైదరాబాదీ ముస్లిం ఇళ్లలో పొద్దున్నే ఖిచిడీ, ఖీమాతో పాటు ఖట్టా అని ఒకటి ఉంటుంది. చింతపండు రసంలో వేయించిన నువ్వుల పొడి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, కొత్తిమీర కలిపి పోపు పెడతారు, పొయ్యి మీద మరిగించరు. తెలంగాణ పల్లెల పచ్చిపులుసుకు ఇది తోబుట్టువు. మామూలుగా పలచగా చేసే ఈ ఖట్టాను నీళ్లు తగ్గించి, నువ్వులు రెట్టింపు చేసి, గరిటె జారుగా కలిపితే వేయించిన రొయ్యలను అద్దుకోవడానికి అద్భుతంగా ఉంటుంది. నువ్వుల నూనెదనం రొయ్య తీపిని పట్టి నిలబెడుతుంది, చింతపండు వేపుడు నూనె జిడ్డును కోస్తుంది. నువ్వులు, చింతపండు, జీలకర్ర అన్నీ బేగంబజార్లో ఒకే వీధిలో దొరుకుతాయి. కొత్త చింతపండు కంటే ఏడాది నిలవ ఉన్న నల్లటిది అడిగి తీసుకోండి, దాని పులుపు గుండ్రంగా ఉంటుంది.

థాయిలాండ్‌లో సముద్రపు చేపకు నామ్ జిమ్ అనే గిన్నె పెడతారు. అందులోనూ పచ్చిమిర్చి, ఎల్లిపాయ, నిమ్మరసం, కొత్తిమీరే ఉంటాయి. కొత్తిమీర ఆకు ఒక్కటే కాదు, వేరు కూడా కడిగి దంచుతారు. ఉప్పుకు బదులు చేపల నుంచి తీసిన పులియబెట్టిన రసం, కొంచెం చక్కెర. సముద్రం పక్కనే ఉన్నవాళ్లూ, సముద్రానికి ఇంత దూరంలో ఉన్న మనమూ దాదాపు ఒకే ముద్దకు చేరుకున్నాం. ఆ వేరు సంగతి వాళ్ల దగ్గర నేర్చుకోదగ్గది. మన దగ్గర కొత్తిమీర కట్ట వేళ్లతోనే అమ్ముతారు, కోసి చెత్తబుట్టలో వేస్తాం. మట్టి పోయేలా గోకి కడిగి, రెండు వేళ్లు మిర్చితో పాటు ముందే దంచితే చట్నీకి అడుగున ఒక లోతు వస్తుంది.

వడ్డన గురించి కొంచెం. ముక్క పొయ్యి మీంచి దిగిన వేడిలో, చట్నీ చల్లగా ఉండాలి. ముక్కల మీద చట్నీ పోయకూడదు, పోస్తే ఇంతసేపూ కాపాడిన కరకర ఒక్క నిమిషంలో పోతుంది. ఎవరి కంచంలో వాళ్లకు చిన్న గిన్నె పెడితే మేలు. కొర్రమట్టకు ఒకటే ముల్లు కాబట్టి పెద్ద ముక్క విరిచి నిండా అద్దుకోవచ్చు. రవ్వ, బొచ్చెలకు సన్న ముళ్లు. ముందు ముల్లు తీసి, చేత్తో విడదీసిన మాంసాన్ని కొసతో అద్దుకోవాలి. చట్నీలో ముంచాక ముల్లు కంటికి కనపడదు.

మిగిలిన చట్నీని ఫ్రిజ్‌లో పెట్టి మర్నాడు మళ్లీ చేప పక్కన పెట్టొద్దు. రంగు పోయి, ఎల్లిపాయ మీదికొచ్చి ఉంటుంది. పెరుగు కలపని చట్నీ మిగిలితే పార్సీల దారి పట్టండి: చారెడు పచ్చికొబ్బరి చేర్చి మళ్లీ ఒకసారి నూరి, పక్కన ఉంచుకున్న నాలుగు ముక్కలకు పట్టించి, అరటాకులో చుట్టి ఇడ్లీ పాత్రలో పావుగంట ఆవిరి పట్టండి. వేడికి ఎల్లిపాయ ఘాటు దిగిపోతుంది, ఆకు రంగు ఎలాగూ మారేదే కాబట్టి ఆ దిగులూ ఉండదు.