గురక ఆగితే రోగం పోయినట్లేనా?

గురకపెట్టి నిద్రపోయే మనిషిని చూచి, ఒళ్ళెరుగని నిద్ర పట్టిందనుకోవడం లోకంలో పరిపాటి. ఆ గురకకూ దంతవైద్యునికీ సంబంధం ఉన్నదంటే చాలామందికి వింతగానే తోస్తుంది. కాని 2017లో అమెరికా దంతవైద్యుల సంఘం ఈ విషయమై ఒక విధాన ప్రకటనను ఆమోదించింది. నిద్రలో శ్వాసకు కలిగే ఆటంకాలను పసిగట్టడంలోను, కొందరికి చికిత్స చేయడంలోను దంతవైద్యునికి బాధ్యత ఉన్నదని దాని సారాంశం. ఆ ప్రకటనలో మెచ్చదగినదెంత, సవరించదగినదెంత అన్నది విచారించదగిన విషయం.

ముందుగా రోగస్వభావం తెలియాలి. మెలకువలో గొంతు కండరాలు బిగువుగా ఉండి గాలిదారిని తెరచి ఉంచుతాయి. నిద్రలో ఆ బిగువు సడలుతుంది. నాలుక, మెత్తని అంగిలి వెనుకకు జారి దారి ఇరుకవుతుంది. ఇరుకుదారిన పోయే గాలికి మెత్తని భాగాలు అదరగా పుట్టే ధ్వనియే గురక. దారి పూర్తిగా మూసుకొనిపోతే శ్వాస ఆగుతుంది. ఇట్లా 10 సెకన్లు గాని, అంతకు మించి గాని ఆగడాన్ని ఏప్నియా, అనగా శ్వాసస్తంభన, అంటారు. అప్పుడు రక్తంలో ప్రాణవాయువు తగ్గుతుంది. మెదడు ఉలిక్కిపడి మనిషిని అరమెలకువకు తెస్తుంది. దారి మళ్ళీ తెరుచుకొంటుంది. తెల్లవారిన తరువాత రోగికి ఇదేమీ జ్ఞాపకముండదు.

శ్వాస ఆగిన సందర్భాలను, బాగా తగ్గిన సందర్భాలను కలిపి గంటకు ఎన్ని వచ్చాయో లెక్కిస్తారు. ఆ సంఖ్య 5 నుండి 15 లోపల ఉంటే స్వల్పం, 15 నుండి 30 లోపల మధ్యమం, 30 గాని అంతకు మించి గాని అయితే తీవ్రం. పగటి కునికిపాట్లు, రక్తపు పోటు, బండి నడుపుతూ తూగి ప్రమాదాల పాలు కావడం ఈ రోగంతో ముడిపడి ఉన్నవి. గురకపెట్టేవారందరికీ ఈ రోగం ఉండదు. ఉన్నదీ లేనిదీ గురకను వినడంతో తేలదు.

దంతవైద్యుడు రోజూ చూచేది నోటినే కనుక అనుమానించే అవకాశం అతనికి ఎక్కువ. ఇక్కడ ఒక తెలుగువాని పేరు స్మరించదగినది. అమెరికాలో మత్తువైద్యుడుగా పనిచేసిన మల్లంపాటి శేషగిరిరావు, నోరు తెరచి నాలుక చాపినప్పుడు అంగిలి, కొండనాలుక ఎంతవరకు కనిపిస్తాయో చూచి గొంతులో గొట్టం వేయడం ఎంత కష్టమో ముందే అంచనా కట్టే పద్ధతిని 1985లో సహచరులతో కలిసి ప్రకటించారు. శస్త్రచికిత్సల కోసం పుట్టిన ఆ పద్ధతిని నేడు గాలిదారి ఇరుకును అనుమానించడానికి కూడా వాడుతున్నారు.

ఇక చికిత్స. 1981లో ఆస్ట్రేలియాలో కాలిన్ సల్లివాన్, ఆయన సహచరులు ముక్కు ద్వారా పీడనంతో గాలిని పంపి దారి మూసుకొనకుండా చేసే పద్ధతిని ప్రకటించారు. సీపాప్ అనే ఆ యంత్రం శ్వాసస్తంభనలను ఎక్కువగా తగ్గిస్తుంది. కాని రాత్రంతా తొడుగు పెట్టుకొని నిద్రపోవడం కొందరికి సాధ్యం కాదు. అట్టివారికి దంతవైద్యుడు పళ్ళ అచ్చులు తీసి, కింది దవడను కాస్త ముందుకు నిలిపే పరికరాన్ని తయారుచేస్తాడు. నాలుక కండరం కింది దవడ లోపలివైపున అంటుకొని ఉంటుంది. దవడ ముందుకు వస్తే నాలుకా దానితోపాటు వస్తుంది, వెనుక దారి విశాలమవుతుంది.

విధాన ప్రకటనలో మెచ్చదగినది ముఖ్యంగా ఒకటి. దంతవైద్యుడు అనుమానించవచ్చును, పరికరం అమర్చవచ్చును గాని రోగనిర్ణయం వైద్యునిదేనని అది స్పష్టం చేసింది. పళ్ళు జరగడం, కొరుకు మారడం, దవడకీలు నొప్పి వంటి కష్టాలను గుర్తించి సరిచేసే శక్తి దంతవైద్యునికి ఉండాలని కూడా చెప్పింది. పిల్లలలో ముఖపుటెముకల పెరుగుదల లోపాలను గమనించమన్నది. తరగతిలో తూగే విద్యార్థిని సోమరి అని మందలించే ముందు, రాత్రి గురకపెడతాడా, నోటితో గాలి పీలుస్తాడా అని ఉపాధ్యాయులు తల్లిదండ్రులను అడగడం మంచిది. పిల్లలలో ఈ రోగానికి టాన్సిల్స్, ఎడినాయిడ్స్ పెరగడమే తరచు కారణం.

లోపం తరువాతి ఘట్టంలో ఉన్నది. పరికరం అమర్చిన పిదప వైద్యుడు మళ్ళీ నిద్రపరీక్ష చేయాలని ప్రకటన అంటూనే, లక్షణాలు తిరిగి వచ్చినవారి విషయంలో ముఖ్యంగా అని నొక్కి చెప్పింది. అసలు ప్రమాదం లక్షణాలు కనిపించనివారికి! దవడ ముందుకు జరిగితే అదురు తగ్గి గురక ఆగవచ్చును. కాని గాలి చాలినంత అందకపోవడం మిగిలిపోవచ్చును. ఇంటివారు నిశ్శబ్దాన్ని చూచి సంతోషిస్తారు. రోగి వైద్యుని దగ్గరకు పోవడం మానేస్తాడు. రోగం నిశ్శబ్దంగా సాగుతుంది.

అమెరికా నిద్రవైద్య సంస్థ, నిద్రసంబంధ దంతవైద్య సంస్థ కలిసి 2015లో వెలువరించిన మార్గదర్శకాలు ఈ విషయంలో ఇంకా సూటిగా ఉన్నాయి. పరికరం అమర్చినవారికి ఫలితం తేల్చుకొనడానికి మళ్ళీ నిద్రపరీక్ష జరపాలని అవి సూచించాయి. ఈ సూచనకు ఆధారమైన పరిశోధనల నాణ్యత తక్కువేనని ఆ మార్గదర్శకాలే నిజాయితీగా ఒప్పుకొన్నాయి. అయినా గాలిదారి స్వభావాన్నిబట్టి చూస్తే సూచన సమంజసమే.

మరొక చిక్కు ఉన్నది. రెండు పత్రాలూ వైద్యుడు, నిద్రపరీక్ష అందుబాటులో ఉంటాయనే భావనతో వ్రాసినవి. అవి దూరమైన చోట, వేడినీటిలో మెత్తబరచి కొరికి అమర్చుకొనే బజారు పరికరాలకు జనం మొగ్గుతారు. వాటికి కొలతా లేదు, పర్యవేక్షణా లేదు.

జ్వరం తగ్గినదీ లేనిదీ ఒంటి మీద చెయ్యి వేసి నిశ్చయించక ఉష్ణమాపకం పెట్టి చూస్తారు. గురక విషయంలోనూ అదే న్యాయం. పరికరానికి ముందు గంటకు ఎన్నిసార్లు శ్వాస ఆగినది, తరువాత ఎన్నిసార్లు ఆగినది అన్న రెండు సంఖ్యలు చేతిలో ఉన్నప్పుడే దంతవైద్యుని పని పూర్తి అయినట్లు. ప్రకటనను సవరించే నాడు ఈ ఒక్క వాక్యాన్ని మినహాయింపు లేకుండా చేర్చితే, ఇప్పటికే మేలైన ఆ పత్రం రోగికి మరింత రక్షణ కాగలదు.