ఐశ్వర్యము – దినచర్య: ‘కీపింగ్ అప్ విత్ ది కార్డాషియన్స్’ పరిశీలనము

ధనవంతుల గృహములో ఏమి జరుగుచున్నదో చూడవలెనను కుతూహలము మానవునకు సహజము. ఆ కుతూహలమును కొంతవరకు తీర్చు వాఙ్మయము పలుభాషలయందు కలదు. ఇటీవలి కాలమున ఆ పనిని టెలివిజను చేపట్టినది. అమెరికాలోని ‘ఈ ఎంటర్‌టైన్‌మెంట్’ ఛానలులో 2007 అక్టోబరు 14వ తేదీన ప్రారంభమై, 2021 జూన్ వరకు 20 సీజనులుగా ప్రసారమైన ‘కీపింగ్ అప్ విత్ ది కార్డాషియన్స్’ అట్టి కార్యక్రమములలో మిక్కిలి ప్రసిద్ధమైనది. అదే కుటుంబము 2022 ఏప్రిల్‌లో ‘ది కార్డాషియన్స్’ అను పేర హులు వేదికపై మరల దర్శనమిచ్చినది. ఈ వ్యాసమున మేము మొదటి కార్యక్రమమును గ్రహించి, దాని నిర్మాణ విధానమును, ప్రేక్షకునిపై దాని ప్రభావమును అలంకారశాస్త్ర దృష్టితో పరిశీలింప నెంచితిమి.

ఇట్టి వస్తువు విమర్శింపదగినదా యను శంక కొందరికి కలుగవచ్చును. వస్తువు అల్పమైనంత మాత్రమున విమర్శ అల్పము కాదు. దాదాపు పదునాలుగు సంవత్సరములు జనులు విసుగక చూచిన దృశ్యమునందు ఏదో యొక ఆకర్షణ యుండక తప్పదు. అది యేదియో తెలిసికొనక నిందించుట విమర్శకుని ధర్మము కాదు. ఐశ్వర్య ప్రదర్శనమే ఆ యాకర్షణమని పలువురు తలంతురు. మా యభిప్రాయము వేరు. ఐశ్వర్యవంతుల కోపతాపములను సామాన్యములుగా చూపి, వారి సొత్తును మాత్రము అసామాన్యముగా నిలుపు నేర్పే ఈ కార్యక్రమమునకు ప్రాణము. ఆ నేర్పునకు చెల్లింపవలసివచ్చిన మూల్యమును గూడ తుదిని విచారింతుము.

ముందుగా పేరును పరిశీలింతము. ఆంగ్లమున ‘కీపింగ్ అప్ విత్ ది జోన్సెస్’ అను పలుకుబడి కలదు. పొరుగింటివారితో సరితూగుటకై ప్రాకులాడుట దాని యర్థము. 1913లో పాప్ మోమండ్ అను చిత్రకారుడు పత్రికలలో ప్రకటింప నారంభించిన హాస్యచిత్రమాలకు అదియే పేరు. ఆ చిత్రములలో ప్రాకులాడు కుటుంబమే కనిపించును. జోన్సు కుటుంబమువారు ఎన్నడును కనిపింపరు. 2007 నాటి కార్యక్రమమున ఈ క్రమము తలక్రిందులైనది. పోటీకి గురియైన కుటుంబమే తెరపై కనిపించును. ప్రాకులాడువాడు తెరకు ఈవల కూర్చున్న ప్రేక్షకుడు. పరిహాసమునకు పాత్రమైనవాడు చిత్రమునుండి తప్పుకొనుటచే పరిహాసము పోయి కోరిక మిగిలినది.

కుటుంబజీవనమును కెమెరాతో వెంబడించుట దీనితో పుట్టినది కాదు. 1973లో అమెరికాలోని పి.బి.ఎస్. సంస్థ ‘యాన్ అమెరికన్ ఫ్యామిలీ’ అను 12 భాగముల చిత్రమును ప్రసారము చేసినది. క్రెయిగ్ గిల్బర్ట్ నిర్మించిన ఆ చిత్రమునకు కాలిఫోర్నియాలోని శాంటా బార్బరా వాసులగు లౌడ్ కుటుంబమువారి జీవితము వస్తువు. 1971లో సుమారు 300 గంటలు చిత్రీకరించి, అందుండి ఏర్చి కూర్చిరి. భార్య భర్తను విడాకులు కోరుట కెమెరా యెదుటనే జరిగినది. ప్రసారమైన పిమ్మట, కూర్పు తమకు అన్యాయము చేసినదని ఆ కుటుంబమువారు వాపోయిరి. చూపబడినవారు వేరు, చూపినవారు వేరు అగుటచే ఆ ఫిర్యాదునకు తావు కలిగినది. కార్డాషియన్ల విషయమున తల్లియగు క్రిస్ జెన్నర్ నిర్మాతలలో ఒకతె. ఇంటి యజమానురాలే దృశ్యమునకును యజమానురాలు. కావున ఇచట దినచర్య చిత్రింపబడుటయే కాదు, చిత్రణమే దినచర్యయైనది. మనకు విశ్రాంతిగా తోచునది వారికి వృత్తి. అయినను ఆ వృత్తికి తోడ్పడు కెమెరా పనివారు, దీపముల పనివారు సాధారణముగా తెరపైకి రారు. శ్రమ మరుగుపడి భోగము మాత్రమే కనిపించును.

మన యాలంకారికులు సమృద్ధి వర్ణనమునకు ఉదాత్తమను అలంకారమును చెప్పిరి. వస్తుసంపదను వర్ణించుట అందొక విధము. మహనీయుల చరితము వర్ణ్యవస్తువునకు అంగమగుట రెండవది. ఇట్టి వర్ణనమునకు తెలుగున దక్షిణాంధ్ర యుగము పుట్టినిల్లు వంటిది. 17వ శతాబ్దిలో తంజావూరు నేలిన విజయరాఘవ నాయకుడు తన తండ్రినే కథానాయకునిగా జేసి ‘రఘునాథనాయకాభ్యుదయము’ అను ద్విపద కావ్యమును రచించెను. ప్రభువు దినచర్యయే అందు వస్తువు. ప్రభు గృహమునుండియే ప్రభువు దినచర్య వెలువడుట ఆ కావ్యమునకును ఈ కార్యక్రమమునకును గల సామ్యము. భేదము అంతకంటె ముఖ్యమైనది. నాయకరాజు భోగము శ్రోతకు దూరమున నుండును. ఆ దూరమే అబ్బురమునకు హేతువు. ప్రభువు భుజించినట్లు నీవును భుజింపుమని ఆ కావ్యము శ్రోతను పురికొల్పదు. కార్డాషియన్ల కార్యక్రమమునకు ఆ దూరమే శత్రువు.

దూరమును తొలగించు విధము గమనింపదగినది. ఇల్లు ప్రాసాదమును బోలును. కాని వంటయింటి బల్లచుట్టు చేరిన అక్కచెల్లెండ్రు అంగడినుండి తెప్పించిన పచ్చికూరల సలాడును ప్లాస్టిక్ గిన్నెలలో కలుపుకొని తినుచుందురు. ఆఫీసులో పనిచేయు చిన్న యుద్యోగి మధ్యాహ్న భోజనమునకును దీనికిని భేదము లేదు. కలహములు దుస్తులను గూర్చి, ఫోనునకు బదులు పలుకమిని గూర్చి, తల్లి పక్షపాతమును గూర్చి. ఇవి యే యింటనైనను జరుగునవే. నడుమ నడుమ ఒక్కొక్కరు కెమెరా యెదుట ఒంటరిగా కూర్చుండి, జరిగినదానిపై తమ మనసులోని మాటను చెప్పుదురు. ఇది నాటకములోని స్వగతము వంటిది. కాని స్వగతము ఆ క్షణముననే పుట్టును. ఈ మాటలు సంఘటన ముగిసిన పిమ్మట వేరుగా చిత్రింపబడి కూర్పులో చేరును. ఇంటి వెలుపలి రూపముగా పలుమారులు చూపిన భవనము గూడ ఆ కుటుంబము నివసించిన యిల్లు కాదు. ఏకాంత రక్షణకై యట్లు చేసినచో తప్పని మేము అనము. అయినను, లోపలిదంతయు చూచితినను నమ్మకము కలిగించు దృశ్యమున వెలుపలి గోడయే వేరొకరిదను సంగతి స్మరింపదగినది.

రసనిష్పత్తిని వివరించుచు భట్టనాయకుడు సాధారణీకరణమను వ్యాపారమును ప్రతిపాదించెను. కావ్యమున సీతాశోకము సీత యొక్కతెదిగా నిలువదు. ఇది ఆమెది, ఇది నాది యను భేదము విడిచి సహృదయునకు ఆస్వాద్యమగును. ఈ కార్యక్రమమున ఆ వ్యాపారము సగమే జరుగును. భావము అందరిది, వస్తువు మాత్రము వారిదే. 2011లో ప్రసారమైన బోరా బోరా ద్వీప విహారమును చూడుడు. సముద్రమున పడిన కిమ్ కార్డాషియన్ చెవి వజ్రాభరణము నీటిలో జారిపోయినది. దాని వెల 75,000 డాలర్లని చెప్పుకొని ఆమె విలపించును. లోకమున జనులు మరణించుచున్నారని గుర్తుచేసి అక్కయగు కోర్ట్నీ మందలించును. ఈ కార్యక్రమమున ఉత్తమమైన హాస్యఘట్టములలో దీనిని మేము లెక్కింతుము. పోయినదానికై యేడ్చుట అందరెరిగినదే. పోయినదాని వెల యెక్కువమందికి అందనిది. ఈ రెంటి పొసగమియే హాస్యమునకు మూలము. తోబుట్టువు మందలింపు వలన మరియొక ప్రయోజనము గూడ సిద్ధించినది: ప్రేక్షకుడు అనబోవు మాటను కార్యక్రమమే ముందుగా అని అతని యాక్షేపణను అణచినది.

సగము నిలిచిన సాధారణీకరణమునకు పూరణము అంగడిలో లభించును. 2015లో కైలీ జెన్నర్ పెదవుల రంగు సామగ్రిని 29 డాలర్లకు విక్రయింప నారంభించెను. 2019లో కోటీ సంస్థ ఆమె సౌందర్యసాధన వ్యాపారమున 51 శాతము భాగమును 60 కోట్ల డాలర్లకు కొనుటకు నిశ్చయించినట్లు ప్రకటించినది. వారి దుఃఖము నా దుఃఖము వంటిదే యని తెరయెదుట తలచినవారికి, వారి సొగసు గూడ నాది కావచ్చునను ఆశను 29 డాలర్లకు అందించుట యిందలి రహస్యము.

ఈ విధానమునకు కఠినపరీక్ష 2016లో వచ్చినది. అక్టోబరు 2, 3 తేదీల నడిమి రాత్రి పారిస్ నగరమున దొంగలు కొందరు కిమ్ బసచేసిన గది ప్రవేశించి, ఆమెను బంధించి, తుపాకి చూపి నగలను అపహరించిరి. 2025 మే నెలలో పారిస్ న్యాయస్థానము విచారణకు వచ్చిన 10 మందిలో 8 మందిని దోషులుగా నిర్ణయించినది. ఆ దోషులలో ఒకడు 2022లో ఒక సంభాషణమున, ఆమె తన వజ్రమును నీట విసరివేయుటను కార్యక్రమమున చూచితిననియు, ఆమెకు ధనము లెక్కలేదని తలచితిననియు చెప్పియుండెను. ఆ మాట బోరా బోరా ఘట్టమును ఉద్దేశించినదే యైనచో, విమర్శకుడు దీనిని ఉపేక్షింపరాదు. ఆమె వజ్రమును విసరలేదు, పోగొట్టుకొని యేడ్చినది. ఆ ప్రేక్షకునకు కన్నీరు గుర్తులేదు, వజ్రము గుర్తున్నది. సామాన్యమైన భావము మరపున పడినది. అసామాన్యమైన వస్తువు మనసున నాటుకొన్నది. అతని నేరమునకు కార్యక్రమము బాధ్యురాలని మేము చెప్పుట లేదు, నేరము నేరస్థునిదే. కాని భావమును చవుకచేసి వస్తువును హెచ్చించిన రచన ఎట్టి జ్ఞాపకమును మిగుల్చునో దీనివలన స్పష్టమగుచున్నది.

2017 మార్చిలో ఆ దుర్ఘటన కార్యక్రమమున ప్రసారమైనది. కిమ్ తన తోబుట్టువులతో జరిగినది చెప్పుకొని విలపించును. ప్రాణభయమును అనుభవించిన స్త్రీ పలికిన మాటలవి. వానియందు కపటము వెదకుట మాకు సమ్మతము కాదు. అయితే చూచువాని స్థితి యేమి? లోకమున దుఃఖితుని చూచినవాడు ఓదార్చును. కావ్యమున చూచినవాడు కరుణరసమును ఆస్వాదించును. ఇచట ఓదార్చుటకు వీలు లేదు, ఆస్వాదించుటకు మనసొప్పదు. దేశకాలవ్యక్తి విశేషముల పట్టు సడలకుండుటను అభినవగుప్తుడు రసవిఘ్నములలో ఒకటిగా చెప్పెను. ఈ సందర్భమున ఆ విఘ్నమే మేలు చేసినదని మేము తలంచుచున్నాము. తాను చూచుచున్నది పాత్రను గాదు, మనిషిని అను ఎరుకను అది ప్రేక్షకునకు కలిగించినది.

ఈ కార్యక్రమమునకు గుణములు లేకపోలేదు. స్త్రీలు తమ సంపాదనను తామే నడుపుకొనుట, ఎంత తగవులాడినను ఒకరినొకరు విడువకుండుట ప్రశంసింపదగినవి. కాని గుణదోషములను త్రాసున వేసి తీర్పు చెప్పుట మా యుద్దేశము కాదు. సంపన్నుల దినచర్యను చూపు ప్రతి రచనను ఒక ప్రశ్న వేసి పరీక్షింపవలెనని మా మనవి: చూచిన పిమ్మట మనసున నిలిచినది మనిషియా, మనిషి ధరించిన నగయా? నగయే నిలిచినచో, ఎన్ని కన్నీళ్లు చూపినను అది అంగడి ప్రకటనమే యగును. మనిషి నిలిచినచో, ఎంత ఐశ్వర్యము నడుమ నున్నను అది కావ్యమునకు సమీపించును. ‘కీపింగ్ అప్ విత్ ది కార్డాషియన్స్’ పలుమారులు మొదటిదిగను, అరుదుగా రెండవదిగను నడచినదని మా నిర్ణయము.