పచ్చరంగును నమ్మని పనివాళ్లు

ఒక విండోస్ సర్వర్ డిస్కులో అర్ధరాత్రి దాటాక ఒక బ్లాకు చెడిపోయిందనుకుందాం. ఆ సంగతి సర్వరే తన ఈవెంట్ లాగ్‌లో రాసుకుంటుంది: సిస్టమ్ లాగ్, సోర్స్ డిస్క్, ఈవెంట్ ఐడీ 7. ఆ లాగ్‌ను కనిపెట్టుకుని ఉండమని పెట్టిన స్క్రిప్టు అయిదు నిమిషాలకోసారి నడుస్తూనే ఉంది. అయినా తెల్లారి షిఫ్టు మారేటప్పటికి, సర్వర్లను పర్యవేక్షించే నాగియోస్ తెర మీద ఎర్రగీత లేదు, ఎవరికీ మెయిల్ రాలేదు. స్క్రిప్టు విడిగా నడిపితే బాగానే నడుస్తుంది, నెట్‌వర్కూ బాగానే ఉంది. మరి తప్పు ఎక్కడుంది?

దీన్ని వెతికే పద్ధతి సిలబస్‌లో పెద్దగా కనిపించదు. నైట్ షిఫ్టుల్లో సీనియర్ల పక్కన కూర్చున్న జూనియర్లకు అబ్బుతూ వచ్చిన విద్య ఇది. దీనికి వీలిచ్చింది నాగియోస్ కట్టుబడే. ఈథన్ గాల్‌స్టాడ్ 1999లో నెట్‌సెయింట్ పేరుతో విడుదల చేసిన ఈ సాఫ్ట్‌వేర్ 2002లో నాగియోస్ అయింది. దీనికి స్వయంగా దేన్నీ పరీక్షించడం రాదు. ఆ పని ప్లగిన్ అనే చిన్న ప్రోగ్రామ్‌ది. ప్లగిన్ ఏ భాషలోనైనా రాయొచ్చు. అది ఒక వాక్యం చెప్పి, ఒక అంకె ఇచ్చి తప్పుకోవాలి: 0 అంటే ఓకే, 1 వార్నింగ్, 2 క్రిటికల్, 3 అన్‌నోన్. ఒప్పందం ఇంత చిన్నది కాబట్టే నాగియోస్ నుంచి లాగ్ దాకా ఉన్న గొలుసును ఏ లంకె దగ్గరైనా విడదీసి చేత్తో నడిపి చూడొచ్చు.

గొలుసు మాత్రం పొడుగైనదే. లినక్స్ మీది నాగియోస్ చెక్_ఎన్‌ఆర్‌పీఈ అనే ప్లగిన్‌ను పిలుస్తుంది. అది 5666 పోర్టు మీదుగా విండోస్ సర్వర్‌లోని ఎన్‌ఎస్‌క్లయింట్ ప్లస్ ప్లస్ అనే ఏజెంటును అడుగుతుంది. ఏజెంటు పవర్‌షెల్‌ను లేపుతుంది, పవర్‌షెల్ స్క్రిప్టును నడుపుతుంది, స్క్రిప్టు లాగ్‌ను చదువుతుంది. అనుభవమున్నవాళ్లు లాగ్ వైపు నుంచి మొదలుపెట్టి వెనక్కి వస్తారు.

"నేను రన్ చేస్తే వచ్చింది కదండీ" అని జూనియర్ అంటే, సీనియర్ మొదట అడిగేది, "ఎవరి అకౌంట్‌తో రన్ చేశావ్?" అని. అడ్మినిస్ట్రేటర్ విండోలో నడిచినది సర్వీస్ అకౌంట్ కింద నడవకపోవచ్చు. సెక్యూరిటీ లాగ్ చదవాలంటే మామూలు అకౌంటును ఈవెంట్ లాగ్ రీడర్స్ గ్రూపులో చేర్చాలి. లినక్స్ వైపూ ఇదే తంతు: రూట్‌గా నడిపి చూసి సంబరపడితే లాభం లేదు, నాగియోస్ యూజర్‌గా నడిపి చూడాలి.

తర్వాత అంకెలు. రిటర్న్ కోడ్ 127 హద్దు దాటిందని నాగియోస్ గోల చేస్తే కంగారు పడనక్కర్లేదు, ఫైలు కమాండ్‌లో చెప్పిన చోట లేదన్నమాట. 126 అయితే ఫైలు ఉంది, నడపడానికి అనుమతి లేదు. అసలు మోసగాడు పవర్‌షెల్. స్క్రిప్టు 2 అని చెప్పినా, కమాండ్ స్విచ్‌తో పిలిస్తే బయటికి 1గా వస్తుంది. ఎర్రగా వెలగాల్సింది పసుపుతో సరిపెట్టుకుంటుంది. ఎన్‌ఎస్‌క్లయింట్ కాన్ఫిగరేషన్లలో చివర లాస్ట్ ఎగ్జిట్ కోడ్‌తో బయటపడమని ఒక వింత ముక్క తగిలించి ఉండేది ఇందుకే. అదేమిటో తెలియక "ఎందుకిది, తీసేద్దాం" అనుకున్నవాళ్లకు కొన్నాళ్ల దాకా ఏమీ తెలియదు.

అన్నిటికంటే ఎక్కువమందిని ముంచింది ఈవెంట్ లాగ్ చదివే పవర్‌షెల్ కమాండ్ గెట్-విన్‌ఈవెంట్. అడిగిన రకం ఈవెంట్లు ఒక్కటీ లేకపోతే అది ఖాళీ చేతులు చూపించదు, ఎర్రర్ ఇస్తుంది. మనకది శుభవార్త, స్క్రిప్టుకేమో వైఫల్యం. దాంతో ఎర్రర్లన్నీ మింగేయమని సైలెంట్లీ కంటిన్యూ పెట్టేస్తారు. అప్పుడు తెర పచ్చబడుతుంది. రేపు అనుమతి తీసేసినా, లాగ్ పేరు తప్పు రాసినా అదే పచ్చ. నా లెక్కలో ఈ మరమ్మతు మొదటి తప్పుకంటే చెడ్డది. ఈవెంట్లు లేవన్న ఆ ఒక్క ఎర్రర్‌నే పట్టుకుని 0 ఇవ్వాలి, మిగతా దేనికైనా 3 ఇవ్వాలి. తెలియనప్పుడు తెలియదని చెప్పడానికే ఆ 3ను పెట్టారు. దాన్ని వాడేవాళ్లు తక్కువ.

చిన్నాచితకా ఉచ్చులు ఇంకా ఉన్నాయి. నాగియోస్ కమాండ్లలో ఆశ్చర్యార్థకం ఆర్గ్యుమెంట్లను విడదీసే గుర్తు. ఫిల్టర్‌లో "కాదు" అనడానికి అదే వాడితే వాక్యం నడుమ తెగిపోతుంది. విఫలమైన లాగిన్, అంటే 4625, లెవెల్ ఎర్రర్ అని వెతికితే దొరకదు. సెక్యూరిటీ ఆడిట్ ఈవెంట్లకు ఆ లెవెల్ ఉండదు, ఆడిట్ ఫెయిల్యూర్ అనే కీవర్డ్ ఉంటుంది. లాగ్ ఫైల్లో సమయం యూటీసీలో ఉంటుంది. హైదరాబాద్‌లో కూర్చుని స్థానిక సమయంతో పోల్చిన స్క్రిప్టు అయిదున్నర గంటలు పక్కకు చూస్తుంది.

ఇవన్నీ సరిచేశాకా మన డిస్కు ఈవెంట్ చిక్కకపోవచ్చు. కారణం స్క్రిప్టులో లేదు, రెండు స్వభావాల మధ్య ఉంది. నాగియోస్ వార్డులో రౌండ్స్ తిరిగే డాక్టరు లాంటిది, ఇప్పుడెలా ఉందని అడుగుతుంది. లాగ్ మాత్రం అప్పుడేం జరిగిందో చెబుతుంది. ఈవెంట్ 2 గంటల 1 నిమిషం 30 సెకన్లకు పడింది. స్క్రిప్టు 2:05కు వచ్చి గత అయిదు నిమిషాలు చూసింది, పట్టుకుంది. నాగియోస్ వెంటనే నమ్మదు. మూడుసార్లు చూశాకే అలర్ట్ పంపమని పెట్టి ఉంటే, అప్పటిదాకా దాన్ని సాఫ్ట్ స్టేట్‌గానే ఉంచుకుని నిమిషానికోసారి మళ్లీ అడుగుతుంది. 2:06కు ఈవెంట్ ఇంకా కనిపించింది. 2:07కు చూసేసరికి కిటికీ, అంటే స్క్రిప్టు చూసే ఆ అయిదు నిమిషాలు, 2:02 దగ్గర మొదలైంది. ఈవెంట్ జారిపోయింది. కోలుకుందనుకుని నాగియోస్ పచ్చజెండా ఊపింది. ఎవరూ తప్పు చేయలేదు.

పింగ్‌కూ, సీపీయూ లోడుకూ ఆ మూడుసార్ల ఓపిక అవసరం. లాగ్‌కు అదే శత్రువు. అందుకే లాగ్ చెక్‌లకు మాక్స్ చెక్ అటెంప్ట్స్ 1 పెట్టి, ప్రతి ఎర్రర్‌నూ కొత్తదిగా చూడమనే ఈజ్ వోలటైల్ ఆన్ చేస్తారు. కిటికీని కాస్త పెద్దది చేస్తే ఒకే ఈవెంట్ రెండుసార్లు అరుస్తుంది, చిన్నది చేస్తే సందుల్లోంచి జారుతుంది. ఇంకా పట్టింపు ఉన్నవాళ్లు కిటికీని పూర్తిగా మానేసి, చివరిగా చదివిన రికార్డు ఐడీని ఒక ఫైల్లో దాచుకుని అక్కడినుంచి చదువుతారు.

పెద్ద సంస్థలు ఇప్పుడు లాగ్‌లన్నీ ఒకచోటికి పంపి అక్కడే వెతుకుతున్నాయి, ఈ స్క్రిప్టుల రాజ్యం చిన్నదవుతోంది. కానీ అక్కడా అలర్ట్ రాకపోతే అడగాల్సినవి ఇవే: ఎవరి అకౌంట్, ఏ టైమ్‌జోన్, ఎంత కిటికీ.

డిస్కు మళ్లీ చెడేదాకా కాచుకుని కూర్చోలేం కదా. విండోస్‌లో ఈవెంట్‌క్రియేట్ అనే కమాండ్ ఉంది, 1 నుంచి 1000 లోపు ఐడీతో ఉత్తుత్తి ఎర్రర్ ఒకటి లాగ్‌లో రాసిపెడుతుంది. దాన్ని లాగ్ నుంచి మెయిల్ దాకా ఒక్కొక్క లంకె దగ్గరా పలకరిస్తూ వెళ్లాలి. కొందరు దీన్ని వారానికోసారి దానంతటదే నడిచేలా షెడ్యూల్డ్ టాస్క్‌గా పెట్టి, సోమవారం పొద్దున ఆ దొంగ అలర్ట్ కోసం చూస్తారు. అది రాకపోతే ముందు వెళ్లేది స్క్రిప్టు దగ్గరికి కాదు, ఆ టాస్క్ అసలు నడిచిందా అని చూడటానికి.